సంతకం ఎవరిది?

నటి భానుమతి పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు మిస్సమ్మ సినిమా గొడవ తీస్తారు. నాలుగు రీళ్లు తీశాక నిర్మాత చక్రపాణితో పేచీ వచ్చిందని, వేషం సావిత్రికి పోయిందని, పొగరుబోతు మనిషికి తగిన శాస్తి జరిగిందని చెప్పి చేతులు దులుపుకుంటారు. పెళ్లి పందిళ్లలో విన్నాను, రైల్లో విన్నాను, పెద్దలు మాట్లాడే సభల్లోనూ విన్నాను. విన్న ప్రతిసారీ నాకు మా నాన్నగారే గుర్తొస్తారు.

ఆయన మద్రాసు కోడంబాకంలో ఒక సినిమా కంపెనీకి లెక్కలు రాసేవారు. ఫలానా హీరోయిన్ ఎంత బాగుందో అని మా అమ్మ మురిసిపోతే, "అగ్రిమెంటు ఎవరి పేర ఉందే? నాన్న పేరా, మొగుడి పేరా?" అని అడిగేవారు. అమ్మకు ఒళ్లు మండేది. నేను పెద్దయ్యాక ఆదాయపు పన్ను ఆఫీసులో చేరి ముప్ఫై ఏళ్లకు పైగా ఇతరుల కాగితాలు చూస్తూ గడిపాను. అప్పుడుగానీ ఆ ప్రశ్న విలువ తెలియలేదు. ఎవరు సంపాదించారన్నది ఒక సంగతి, ఆ సంపాదన మీద ఎవరు సంతకం పెట్టారన్నది వేరే సంగతి. ఆ రెంటి మధ్య దూరమే తెలుగు నటీమణుల చరిత్ర. భానుమతి ఆ దూరాన్ని తన ఇరవై ఎనిమిదో ఏటికల్లా దాటేసింది. దాన్నే మనవాళ్లు పొగరన్నారు.

ఆవిడ రాకముందు ఈ పని ఎలా ఉండేదో కాస్త చెప్పాలి.

నాటకాల్లో ఆడవేషం మగవాళ్లదే. స్థానం నరసింహారావు సత్యభామగా జడ విసురుతుంటే చూడడానికి ఊళ్లు కదిలివచ్చేవి. దీనికి పెద్ద మినహాయింపు సురభి వాళ్లు. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో కీచకవధ ఆడినప్పటి నుంచీ వాళ్లది కుటుంబ వ్యాపారం. తాత, తండ్రి, కోడలు, మనవరాలు అందరూ వేషం కట్టేవాళ్లే. ఆడవేషం ఆడవాళ్లే కట్టేవారు. టాకీ వచ్చేసరికి మైకు, దగ్గర కెమెరా రెండూ మగవాళ్ల ఆడవేషాన్ని పట్టిచ్చేశాయి. నిర్మాతలకు నిజమైన ఆడగొంతులు కావలసి వచ్చాయి. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేషం సురభి కమలాబాయికి దక్కింది. అలా దక్కక తప్పదు, సిద్ధంగా ఉన్నది వాళ్లే మరి.

ఆ సినిమా తీసింది బొంబాయిలో. తర్వాత కొన్నేళ్లు తెలుగు టాకీలకు బొంబాయి, కలకత్తా, కొల్హాపూర్ స్టూడియోలే గతి. నటి ఊరు వదిలి, తోడుగా తల్లినో తండ్రినో తీసుకుని, ట్రంకుపెట్టెతో రెండు రోజులు రైల్లో వెళ్లేది. అక్కడ బస కంపెనీది, భోజనం కంపెనీది, నెల తిరిగేసరికి జీతం. ఆ కంపెనీ ఆర్టిస్టు వేరే కంపెనీలో చెయ్యకూడదు. ఇది గుమాస్తా ఉద్యోగమే, కాకపోతే పదవీ విరమణ మాత్రం పాతికేళ్లకే.

ఆ అగ్రిమెంటు కాగితం ఎంత పని చేస్తుందో చూడాలంటే కాంచనమాల సంగతి చాలు. మాలపిల్ల, గృహలక్ష్మి రెండూ 1938లోనే వచ్చాయి. ఆవిడ బొమ్మలేని క్యాలెండరు లేదనేవాళ్లు. 1942లో జెమినీ వారి బాలనాగమ్మ ఘనవిజయం సాధించింది. ఆ తర్వాత ఒప్పందం దగ్గర తగాదా వచ్చి, బయట సినిమాలు చెయ్యడానికి లేకుండా పోయి, ఆరోగ్యం చెడి, తెరమీంచి మాయమైపోయింది. మళ్లీ కనిపించింది 1963లో, నర్తనశాలలో, ఒక చిన్న వేషంలో. ఆ సినిమా నిర్మాత లక్ష్మీరాజ్యం. తనూ ఒకప్పటి నటే, సొంత కంపెనీ పెట్టుకున్న మనిషి. పాత స్నేహితురాలిని పిలిచి వేషమిచ్చింది. ఒకే తరంలో ఇద్దరు నటీమణులు; ఒకరికి అగ్రిమెంటు ఉరితాడైంది, మరొకరు ఇంకొకరికి అగ్రిమెంటు రాసిచ్చే స్థాయికి వచ్చారు. నర్తనశాల ఎప్పుడు చూసినా నాకు బృహన్నల కంటే ముందు ఇదే కనిపిస్తుంది.

ఇక భానుమతి. 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టింది. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీత ప్రియుడు. కూతురు కచేరీలు చేసే గాయని కావాలన్నది ఆయన ఆశ. దర్శకుడు సి.పుల్లయ్య వరవిక్రయం కోసం కొత్త అమ్మాయిల్ని వెతుకుతున్నప్పుడు ఈ పదమూడేళ్ల పిల్ల దొరికింది. కలకత్తాలో ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ తీసిన ఆ సినిమా 1939లో విడుదలైంది.

కాళ్లకూరి నారాయణరావు రాసిన ఆ నాటకం కథే లెక్కల కథ. కట్నం కోసం తండ్రి ఆస్తి తెగనమ్మడం చూడలేక పెద్దకూతురు కాళింది ప్రాణం తీసుకుంటుంది. చిన్నకూతురు కమల మాత్రం కట్నమిచ్చి కొన్న వరుడు కొన్నవాళ్ల చెప్పుచేతల్లో ఉండాలని పట్టుబడుతుంది. కాళింది వేషం భానుమతిది, కమల పుష్పవల్లి. తండ్రిగా బలిజేపల్లి లక్ష్మీకాంతం. సొంత నాటక సమాజం నడిపిన దాసరి కోటిరత్నం కూడా ఆ సినిమాలో ఉంది. చచ్చిపోయే అక్క వేషం వేసిన పిల్ల, తర్వాత జీవితమంతా ఎదురుతిరిగిన చెల్లెల్లాగా బతికిందని నాకు అనిపిస్తుంటుంది.

సినిమాకు ఒప్పుకునేముందు వెంకటసుబ్బయ్య ఒక షరతు పెట్టాడు. కౌగిలింతలు ఉండకూడదు, మగనటులు తన కూతుర్ని తాకకూడదు. అది తండ్రి పెట్టిన షరతు, పరువు కోసం పెట్టింది. కానీ ఆ పిల్ల ఒక పాఠం నేర్చుకుందని నా నమ్మకం. షరతు పెట్టొచ్చు, పెట్టినా వేషం పోదు, పని కావలసినవాడు ఒప్పుకుంటాడు. తర్వాత మాలతీ మాధవం (1940), ధర్మపత్ని (1941) వచ్చాయి. మూడిట్లోనూ మాట తండ్రిదే, సంతకం తండ్రిదే.

1943లో వచ్చిన కృష్ణప్రేమలో ఆవిడ చంద్రావళి. ఆ సినిమాకు పి.ఎస్.రామకృష్ణారావు అసిస్టెంటు డైరెక్టరు. ఆయన దగ్గర డబ్బు లేదు, పేరు లేదు. భానుమతి ఆయన్నే చేసుకుంటానంది. తండ్రి కాదన్నాడు. 1943 ఆగస్టు 8న మద్రాసులో పెళ్లి జరిగింది. తండ్రి మాట కాదని తన బతుకు మీద ఆవిడ పెట్టిన మొదటి సొంత సంతకం అదే అనుకోండి.

పెళ్లయ్యాక నటన మానేసింది కూడా. అద్దె ఇల్లు, వంట, కాపురం. ఆ రోజుల్లో సినిమా పరిశ్రమా అంతంత మాత్రమే. యుద్ధం నడుస్తోంది. 1942లో జపాను బాంబులు వేస్తుందన్న భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది, స్టూడియోలు మూతపడ్డాయి. ఆ తర్వాత ముడి ఫిలింకు ప్రభుత్వం రేషను పెట్టింది. సినిమా పదకొండు వేల అడుగులు దాటకూడదన్నది నిబంధన. అంతకుముందు ఇరవై వేల అడుగులకు అలవాటుపడ్డవాళ్లకు అది సగం సినిమా. ఫిలిం దొరకడమే గగనమైనప్పుడు, ఒక్క టేకులో పని ముగించే నటి విలువ పెరుగుతుంది. పాట, మాట, నటన మూడూ ఒకే మనిషిలో ఉంటే మరీ. దర్శకుడు బి.ఎన్.రెడ్డి స్వర్గసీమ కోసం భానుమతి ఇంటికి కబురు పంపడంలో ఈ లెక్క కూడా ఉండి ఉంటుందని మా నాన్నగారు అనేవారు. ఆయన ప్రతిదాంట్లోనూ లెక్కే చూసేవారనుకోండి.

స్వర్గసీమ 1945లో వచ్చింది. చిత్తూరు నాగయ్య పరువుగా బతికే సంసారి, బి.జయమ్మ ఇల్లాలు, ఆ సంసారాన్ని ఛిన్నాభిన్నం చేసే సుజాత భానుమతి. తాకకూడదన్న షరతుతో తెరకెక్కిన పిల్ల ఆరేళ్లకు మగవాణ్ణి కళ్లతో ఆడించే వేషం కట్టింది. పావురాన్ని పట్టుకుని పాడే పాట గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక హాలీవుడ్ సినిమాలోని స్పానిష్ బాణీ విని బాలాంత్రపు రజనీకాంతరావు దానికి ప్రాణం పోశారు. భార్య ఇలాంటి వేషం వెయ్యడానికి రామకృష్ణారావు అడ్డు చెప్పలేదు. ఆయన గురించి ఎవరూ పెద్దగా రాయరు. రాయవలసిన మనిషి.

ఇక్కడి నుంచే అసలు కథ. కొడుకు పుట్టాడు, భరణి అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే భార్యాభర్తలు భరణీ పిక్చర్స్ పెట్టారు. మొదటి సినిమా రత్నమాల 1948 మొదట్లో వచ్చింది. మరుసటి ఏడాది అక్కినేనితో లైలా మజ్నూ. దర్శకత్వం రామకృష్ణారావుది, కథానాయిక ఆవిడ, సంగీతం సి.ఆర్.సుబ్బరామన్.

నటి సొంత సినిమా తియ్యడమంటే ఏమిటో లెక్కల్లో చెప్తాను, సరదాకే వినండి. ఆ కాలపు నిర్మాతకు పెద్ద ఖర్చులు ఐదు: ముడి ఫిలిం, స్టూడియో ఫ్లోరు అద్దె, ల్యాబు, సెట్టింగులు, ఆర్టిస్టులు. చేతిలో సగం డబ్బు డిస్ట్రిబ్యూటరు ఇచ్చే అడ్వాన్సు. ఆ అడ్వాన్సు తారను చూసి ఇచ్చేది. అంటే తార పేరు మీద అప్పు తెచ్చి, ఆ తారకే జీతమిచ్చి, లాభం నిర్మాత తీసుకునేవాడు. తార తనే నిర్మాత అయితే తన పేరు మీద వచ్చే అడ్వాన్సు తనకే వస్తుంది. దర్శకుడు మొగుడు, కథానాయిక తను, రెండు పెద్ద పద్దులు ఇంట్లోనే. తర్వాత సాలిగ్రామంలో భరణీ స్టూడియో కూడా కట్టుకున్నాక ఫ్లోరు అద్దె పద్దూ ఇంటికే వచ్చింది, పైగా బయటివాళ్లకు అద్దెకిస్తే ఆదాయం. ప్లాను కాగితం మీద ఇంత బాగుంటుంది. సినిమా ఆడకపోతే నష్టం కూడా మొత్తం ఇంట్లోనే పడుతుంది, అది వేరే సంగతి. వడ్డీకి తెచ్చిన డబ్బు ఏ నటి మొహమూ చూడదు.

అందుకే ఆవిడ బయటి సినిమాలు మానలేదు. 1951లో వాహినీ వారి మల్లీశ్వరి. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, సాలూరు రాజేశ్వరరావు సంగీతం, సరసన ఎన్.టి.రామారావు. మల్లి నాగరాజును ఆటపట్టించే తొలి దృశ్యాల్లో ఆ చిలిపితనం, అంతఃపురం చేరాక ఆ బందీ మొహం. రాయలవారికి నాగరాజు సరదాకు చెప్పిన కోరిక నిజమై పల్లకీ వచ్చి గుమ్మం ముందు నిలిస్తే, వద్దనే హక్కు ఆ పిల్లకు ఉండదు. ఎవరూ అడగకుండానే ఆమె జీవితం మీద ఎవరో ముద్ర వేసేస్తారు. సొంత కంపెనీ నడుపుతున్న మనిషి అంత నిస్సహాయతను అంత నమ్మకంగా ఎలా పలికించిందో! నా దృష్టిలో తెలుగులో అంతకన్నా మంచి నటన అరుదు.

1953 ఆగస్టులో చండీరాణి విడుదలైంది. కథ ఆవిడదే. చండి, చంప అని కవలలు, ఇద్దరూ ఆవిడే. తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో ఒకేసారి తీశారు. దర్శకత్వం భానుమతి. మూడు భాషల్లో ఒకేసారి తియ్యడమంటే లైట్లు ఒక్కసారి అమర్చి, ఒకే షాటును మూడుసార్లు మూడు భాషల మాటలతో తియ్యాలి. అందులో కవలలిద్దరూ తనే అయినప్పుడు, దుస్తులు మార్చుకుని, వేషం మార్చుకుని, మళ్లీ కెమెరా వెనక్కి వచ్చి నిలబడాలి. మధ్యలో సంగీత దర్శకుడు సుబ్బరామన్ 1952లో చిన్న వయసులోనే చనిపోయాడు. మిగిలిన పని ఎం.ఎస్.విశ్వనాథన్ పూర్తి చేశాడు. ఇంత తతంగాన్ని నెత్తిన వేసుకున్నప్పుడు ఆవిడకు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. ఈ సినిమాకు నా మార్కులు మధ్యరకమే, కథ కాస్త వాడిందే. పని పరంగా చూస్తే మాత్రం అప్పటికి ఈ దేశంలో ఏ ఆడమనిషీ చెయ్యనిది.

ఇప్పుడు మిస్సమ్మ దగ్గరికి రండి. విజయా వారి సినిమా, ఎల్.వి.ప్రసాద్ దర్శకుడు, మేరీ వేషం భానుమతిది. నాలుగు రీళ్ల దాకా తీశారు. వరలక్ష్మీ వ్రతం రోజున ఆవిడ ఆలస్యంగా సెట్టుకు వచ్చింది. వస్తానన్న వేళ గురించి ముందే కబురు పంపానని ఆవిడ వాదన. తనకు అందలేదని చక్రపాణి కోపం. క్షమాపణ రాసివ్వమని ఆయన అడిగాడు. తప్పు లేనిదే రాయనని ఆవిడ అంది. తీసిన రీళ్లు తగలబెట్టారని చెప్పుకుంటారు. జమున చేసిన వేషానికి మొదట అనుకున్న సావిత్రి మేరీగా మారింది. 1955 జనవరిలో సినిమా వచ్చింది, చరిత్రలో నిలిచింది.

చక్రపాణిని తప్పుపట్టను. షూటింగు ఆగితే ఎంత పోతుందో మా నాన్నగారి ద్వారా నాకు తెలుసు. ఒక పూట పని లేకపోయినా ఫ్లోరు అద్దె, జీతాలు, భోజనాలు ఆగవు. ఆయన క్రమశిక్షణ ఆయనకు ఉంది. కానీ అదే చోట ఒక మగ నిర్మాత ఆలస్యంగా వచ్చి ఉంటే లిఖితపూర్వక క్షమాపణ అడిగేవారా? భానుమతి అప్పటికే నిర్మాత, దర్శకురాలు. చక్రపాణి పిలిచింది నటిని. వచ్చింది సాటి యజమాని. గొడవంతా అక్కడే ఉంది. రాసివ్వనందుకు ఆవిడ గొప్ప వేషం పోగొట్టుకుంది. అది నిజం. దానివల్ల సావిత్రి లాంటి నటి వెలుగులోకి వచ్చిందని తర్వాత తనే ఒప్పుకుంది కూడా. ఇక్కడో చిత్రం: 1954లో భరణీ వారు తీసిన హాస్యచిత్రం పేరు చక్రపాణి! కాకతాళీయమే అయ్యుండాలి. కాకపోయినా నాకు అభ్యంతరం లేదు.

ఆ ఏడాదే విప్రనారాయణ కూడా వచ్చింది. దేవదేవిగా ఆవిడ, విప్రనారాయణుడుగా అక్కినేని. అక్కినేనికి ఎ.ఎం.రాజా పాడాడు, ఆవిడకు ఆవిడే పాడుకుంది. ఈ విషయం తేలిగ్గా దాటెయ్యకూడదు. ప్లేబాక్ వచ్చాక నటికి గొంతు అక్కర్లేకపోయింది. మొహం ఒకరిది, గొంతు మరొకరిది. తోటి నటీమణుల్లో చాలామంది పి.లీల గొంతుకో, సుశీల గొంతుకో పెదాలు కదిపారు. భానుమతి మాత్రం చివరిదాకా ఎవరి గొంతూ అరువు తెచ్చుకోలేదు. ఆవిణ్ణి పెట్టుకుంటే పాటా ఆవిడదే. కాబట్టి ఆవిడ స్థానంలో ఇంకొకరిని పెట్టడం కష్టం. దీన్ని కళ అనండి, వ్యాపారం అనండి, రెండూ అనండి.

తమిళంలో ఆవిడ పెద్ద తారే. 1954లో మలైక్కళ్లన్, 1956లో అలీబాబా, అదే ఏడు మధురై వీరన్, మూడిట్లోనూ ఎం.జి.ఆర్ సరసన. 1958లో ఎం.జి.ఆర్ సొంతంగా తీసిన నాడోడి మన్నన్‌లో మాత్రం షూటింగు మధ్యలో అభిప్రాయభేదాలు వచ్చి ఆవిడ తప్పుకుంది; ఆ పాత్రను కథలో చంపేసి, మిగతా సగానికి సరోజాదేవిని తెచ్చారు. చూశారా, ఇదీ పాత కథే. ఇద్దరు యజమానులు ఒక సెట్టు మీద ఇమడలేదు. ఎం.జి.ఆర్‌కు పట్టుదల అన్నారు, భానుమతికి పొగరన్నారు.

ఆవిడ ఒక్కతే ఈ దారిన నడిచిందని నేననను. మనదేశం (1949) నిర్మించి రామారావును తెరకు తెచ్చింది కృష్ణవేణి. అనార్కలి, సువర్ణసుందరి తీసిన అంజలీదేవి, తన భర్త ఆదినారాయణరావు సంగీతాన్ని పెట్టుబడిగా మార్చుకుంది. సావిత్రి 1968లో చిన్నారి పాపలుకు దర్శకత్వం వహించింది. మూగమనసులును తమిళంలో తనే తీసి దెబ్బతింది. సావిత్రి నటనకు భానుమతి నటన సాటి వస్తుందా అని వాదించేవాళ్లు వాదించుకోండి. నేను చెప్పేది నటన గురించి కాదు. డబ్బు వచ్చినప్పుడు సావిత్రి చుట్టూ లెక్క చూసే మనిషి లేడు. భానుమతికి లెక్క తనే చూసుకోవడం తెలుసు. 1981 డిసెంబరులో సావిత్రి పోయినప్పుడు మా నాన్నగారు ఆ రోజు పేపరు మడిచి పక్కన పెట్టి, ఏమీ అనలేదు. అగ్రిమెంటు సంగతి కూడా ఎత్తలేదు.

వయసు మీరిన నటికి మన సినిమాలో దొరికేది రెండే: ఏడ్చే అమ్మ, లేదా మూల కూర్చున్న ముసలమ్మ. భానుమతి ఆ గండం కూడా తన షరతుల మీదే దాటింది. 1965లో అంతస్తులు, 1966లో పల్నాటి యుద్ధంలో నాగమ్మ. నాగమ్మ అంటే రాజ్యం నడిపిన ఆడమనిషి. ఆ వేషానికి ఆవిడ నటించనక్కర్లేదు, నిలబడితే చాలు. 1966లోనే పద్మశ్రీ. 1972లో అంతా మన మంచికే, 1982లో పిల్లలే పాత్రధారులుగా భక్త ధ్రువ మార్కండేయ, రెంటికీ దర్శకత్వం ఆవిడదే. 1984లో కోడి రామకృష్ణ తీసిన మంగమ్మగారి మనవడు వచ్చింది. బాలకృష్ణ కథానాయకుడు, కానీ సినిమా పేరులో ముందున్నది బామ్మ. దాదాపు అరవై ఏళ్ల నటికి పాత్ర ఇచ్చి, ఆ పాత్ర పేరున సినిమాను పెట్టి, జనాన్ని రప్పించగలిగారు. ఈనాటి కథానాయికలకు ముప్ఫై దాటితే ఫోన్లు ఆగిపోతాయంటున్నారు, వాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పండి.

రాతలోనూ అంతే. అత్తగారి కథలు తెలుగు హాస్యంలో నిలిచిన పుస్తకం. మడి, ఆచారం, పిసినారితనం, అమాయకత్వం కలగలిసిన ఆ అత్తగారు ఊరగాయ జాడీ చుట్టూ తిరుగుతూ ఇల్లంతా ఏలుతుంది. ఆ ఇంట్లో కోడలు సినిమా తార అన్న స్పృహే ఎవరికీ ఉండదు; నవ్వంతా అందులోంచే పుడుతుంది. ఆత్మకథ నాలో నేను 1993 సంవత్సరానికి సినిమా మీద ఉత్తమ గ్రంథంగా జాతీయ బహుమతి పొందింది. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గానూ పనిచేసింది. తండ్రి కోరిన సంగీతం చిట్టచివరికి ఉద్యోగంగా వచ్చింది. 2003లో పద్మభూషణ్. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూసింది.

నటి యజమాని కావడమనేది అక్కడితో ఆగలేదు. చోటు మారింది, అంతే. తమిళ నటుడు ఎం.ఆర్.రాధా కూతురు రాధిక మనకు 1981లో న్యాయం కావాలితో దగ్గరైంది. 1986లో స్వాతిముత్యంలో లలితగా మనసు దోచింది. కథానాయిక వేషాలు తగ్గేవేళకు ఇంకొకరి పిలుపు కోసం కూర్చోలేదు, రాడాన్ అనే సొంత సంస్థతో టీవీకి వెళ్లింది. 1999లో తమిళంలో మొదలైన చిత్తి సీరియల్ మన ఇళ్లలోకి పిన్నిగా వచ్చింది. ఆ వేళకు మా వీధిలో ఆడవాళ్లు ఎవరూ గుమ్మం దాటేవాళ్లు కారు. నాకు సీరియళ్లు పడవు, ఆ సాగదీత భరించలేను. అయినా పిన్ని చివర్లో పేర్లు పడుతుంటే నిర్మాణ సంస్థ పేరు చదివి ఊరుకునేదాన్ని కాదు, మా ఆయన్ని పిలిచి చూపించేదాన్ని. సినిమాలో భానుమతి చేసిన పనినే ఈ అమ్మాయి టీవీలో చేస్తోందని. ఇవాళ హైదరాబాదులో సీరియళ్లలో చేసే అమ్మాయిల్లో చాలామందికి రోజుకింత అని లెక్క. తెల్లవారి మేకప్పు వేసుకుంటే రాత్రికి తీసేది. పక్క ఛానల్లో చెయ్యకూడదన్న షరతు వాళ్లకూ తగులుతోంది. 1930ల నాటి కంపెనీ ఆర్టిస్టు మళ్లీ వచ్చినట్టే ఉంది నాకు.

ఆఖరుగా ఒక విన్నపం. మన సినిమా చరిత్రను పాటల పుస్తకాల నుంచి, ఫొటోల నుంచి, పెద్దవాళ్ల కబుర్ల నుంచి రాసుకున్నాం. అగ్రిమెంటు కాగితాలు, కాల్‌షీట్ రిజిస్టర్లు, జీతాల పుస్తకాలు చూసి రాసింది తక్కువ. మా నాన్నగారు పాతికేళ్లు రాసిన లెడ్జర్లు, ఆ కంపెనీ మూతపడ్డాక, కిలో లెక్కన పాత కాగితాలవాడికి వెళ్లిపోయాయి. అందులో ఏ నటికి ఎంత ఇచ్చారో, ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారో అంతా ఉండేది. కోడంబాకం, సాలిగ్రామం, వడపళని ఇళ్లలో అటకల మీద ఇంకా అలాంటివి ఉండే ఉంటాయి. మీ తాతగారు ప్రొడక్షన్ మేనేజరో, అకౌంటెంటో, మేకప్ మనిషో అయితే ఒకసారి ఆ పెట్టె తెరిచి చూడండి. పుణేలో 1964 నుంచి నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, వాళ్లకు ఉత్తరం రాయండి. కాదంటే మీకు దగ్గరున్న విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వండి. అమ్మకండి.